తాండూరు గనిలో నాలుగు పిలుపులు

మా ఇంట్లో ఆయన్ని పిలవడానికి ఒక ఇత్తడి చెంబు ఉండేది. అన్నం వడ్డించినా, గుమ్మంలోకి ఎవరైనా వచ్చినా, నేను వంటింటి గడపలో నిలబడి ఆ చెంబును చేతి ఉంగరంతో కొట్టేదాన్ని. రెండు దెబ్బలయితే మామూలు పిలుపు, మూడయితే తొందరగా రమ్మని. ఆయన ముందు గదిలో పుస్తకం మూసి లేచి వచ్చేవారు. నాలుగేళ్లు మా సంసారం ఆ చెంబు మీదే నడిచింది. దానికి ఒక పక్క చిన్న సొట్ట కూడా పడింది.

వికారాబాద్‌లో అప్పట్లో మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తేవాళ్లు కాదు. పిల్లలు పుట్టినవాళ్లకు ఇబ్బంది ఉండేది కాదు. "మా పెద్దోని నాయన" అనో "మా బిడ్డ నాయన" అనో దర్జాగా పిలుచుకునేవాళ్లు. నాకు పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరు. మొగుడైతే ఉన్నాడు గానీ, పిలుద్దామంటే పిలుపు లేదు.

పేరు ఎత్తితే ఏమవుతుందో మా అత్తమ్మ నేను కాపురానికి వచ్చిన రెండో రోజే చెప్పింది. "మొగని పేరు ఒక్కపారి తీస్తె ఒక్క యేడు ఆయుష్షు తరుగుతది. యాదిల ఉంచుకో." ఆవిడ తన జన్మలో ఒక్కసారి కూడా మా మామగారి పేరు తియ్యలేదట. మామగారు నలభై దాటకుండానే పోయారు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి ఆవిడను అడగాలని నాకు చాలాసార్లు నోటి చివరి దాకా వచ్చింది. అడగలేదు. నాకు నవ్వులాటగా అనిపించే మాట, ఆవిడకు ప్రాణం తీసినంత అవుతుంది. పైగా నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. లోపల ఎంత నవ్వుకున్నా, ఆ పేరు నాలుక మీదికి వచ్చేసరికి నోరు తనంతట తనే మూసుకుపోయేది.

మా ఆయన సర్కారు బడిలో సోషల్ సారు. బడి మొత్తానికి తెలిసిన సంగతులు ఆయన గురించి రెండు. గంట కొట్టినా పాఠం ఆపరు; "ఇంకొక్క మాట" అంటూ ఇంకో పది నిమిషాలు చెప్తారు. బోర్డు మీద పటం గీస్తున్నప్పుడు వెనకనుంచి ఎవరు ఎన్నిసార్లు "సార్, సార్" అన్నా తిరిగి చూడరు. ఎడమ చెయ్యి ఎత్తి, కూర్చోమన్నట్టు రెండుసార్లు కిందికి ఊపుతారు, అంతే. రోజంతా పిల్లలు "సార్" అంటూనే ఉంటారు, ప్రతిదానికీ తిరిగితే నదులు గీసేదెప్పుడు అనేవారు. ఆయన గీసిన నదులు చాలా బాగుండేవి. వాటిలో ఒక్కటీ ఆయన చూసింది కాదు.

డెబ్బైల చివర్లో ఒక దసరా సెలవుల్లో ఆయన బడి లైబ్రరీనుంచి ఒక అమెరికా పత్రిక ఇంటికి తెచ్చారు. అందులో రంగుల బొమ్మ. ఎర్రటి రాతి గోడల మధ్య నది, నదిలో రబ్బరు పడవ, పడవలో ఒక మొగుడూ పెళ్లామూ, ఇద్దరూ ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్నారు.

"పొద్దుగాల పడవ ఎక్కుతరంట. పగటాల లోయ జూస్తరంట. చుట్టూ ఎడారి. మాపటికి ఇల్లు. ఒక్క దినం పని," అన్నారు ఆయన.

"వాళ్లకు పని లేదా?" అన్నాను.

"మనం గూడ పోదం."

"అమెరికాకా?"

"కోట్‌పల్లికి. ప్రాజెక్టు నీళ్లున్నయి గదా. ఆడికెళ్లి తాండూరు. గనులు జూసినవా నువ్వు? గీ లోయకేం తక్కువ లేవు."

"మరి ఎడారి?"

ఆయన కొంచెం ఆలోచించి, "తాండూరుల దుమ్ము జూసినంక ఎడారి ఏదని అడగవు," అన్నారు.

నాలుగేళ్లలో మేమిద్దరం కలిసి వెళ్లిన దూరప్రయాణాలు రెండే: ఒకటి మా పిన్ని కూతురి పెళ్లికి, ఇంకోటి ఆయన మేనమామ చావుకు. ఉత్తినే, ఏ పనీ లేకుండా, మొగుడూ పెళ్లాం బస్సెక్కడమంటే అత్తమ్మ దృష్టిలో ఇల్లు వదిలి పారిపోయినంత. అందుకని ఆయన ఒక ఉపాయం చేశారు. తాండూరు దాటాక ఒక దర్గా ఉందనీ, పిల్లల్లేనివాళ్లు గురువారం వెళ్లి దారం కట్టించుకుంటారనీ, తోటి సారు ఒకాయన చెప్పారనీ అత్తమ్మ దగ్గర అన్నారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. తానే జొన్న రొట్టెలు చేసి, టిఫిను డబ్బాలో కూర పెట్టి, మూట కట్టింది. ఆ మూట అందుకుంటుంటే నాకు సిగ్గేసింది. దర్గాకు వెళ్లకూడదనేం లేదు. లోయ చూశాక టైముంటే పోదామన్నారు ఆయన.

గురువారం పొద్దున్నే కోట్‌పల్లి బస్సెక్కాం. ఆయన చేతిలో గొడుగు, చంకలో అట్లాసు, జేబులో నోటుబుక్కు. బస్సు దిగాక ఎప్పటిలాగే ఆయన పది అడుగులు ముందు, రొట్టెల మూటతో నేను వెనక. కట్ట ఎక్కేసరికి నీళ్లు నిండుగా ఉన్నాయి. అవతల గుట్టలు, ఇవతల నిలువెత్తు కంది చేలు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఈ చక్కదనం చూడటానికి దర్గా పేరు చెప్పాల్సి వచ్చినందుకు ఎవరిమీదో తెలియకుండా కోపం కూడా వచ్చింది.

చేపలు పట్టే ఒక పెద్దమనిషిని ఆయన ముందే మాట్లాడిపెట్టారు. ఆ పెద్దమనిషి చూపించిన పడవ చూసి నేను ఆగిపోయాను. నాలుగు లారీ ట్యూబులు. వాటిమీద తాళ్లతో బిగించిన ఒక నవారు మంచం.

"గిదేంది?" అన్నాను.

"రబ్బరు పడవ. బొమ్మల ఉన్నదే," అన్నారు మా ఆయన.

బొమ్మలో ఉన్నదాంట్లో రబ్బరు వరకూ నిజమే. కానీ నా బాధ మునిగిపోతామని కాదు. అది మంచం. పట్టపగలు, పరాయి మగవాడు వెదురు గడ పట్టుకుని చూస్తుండగా, మొగుడూ పెళ్లాం ఒక మంచమెక్కి కూర్చోవాలి. ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్లు పని ఆపేసి చూస్తున్నారు. వాళ్లలో ఒకామె, "అక్కా, సరిగ్గ ఎక్కు, సిగ్గెందుకు, మీ మంచమే గదా!" అంది. మిగతావాళ్లు కిలకిలా నవ్వారు. నేను కొంగు మొహం మీదికి లాక్కుని ఎక్కేశాను. నడవడానికి పది అడుగుల ఎడం ఉంటుంది గానీ మంచం మీద ఎక్కణ్నుంచి తెస్తారు? నాలుగేళ్లలో నలుగురి ముందూ ఆయన పక్కన కూర్చోవడం నాకదే మొదలు. కాసేపటికి కొంగు తీసేశాను. గాలి చల్లగా ఉంది. బావుందని పైకి అనలేదు. అంటే ఆయన అమెరికా గొప్పతనం మీద పాఠం మొదలుపెడతారు.

నడి నీళ్లలోకి వెళ్లాక ఆయనకు లోతు కొలవాలని బుద్ధి పుట్టింది. జేబులోంచి దారం తీశారు. దానికి ముందే రాయి కట్టుకుని తెచ్చుకున్నారు. మంచం కోడు మీదికి వంగి దారం వదులుతున్నారు. ఇటు పక్క ట్యూబు నీళ్లలోంచి పైకి లేస్తోంది.

"అమ్మా, సారును జర వెనకకు జరగమను," అన్నాడు గడ పట్టిన పెద్దమనిషి.

నేను ఉంగరంతో మంచం పట్టె మీద కొట్టాను. నీళ్ల చప్పుడులో అది ఎవరికి వినబడుతుంది? గాజులు గలగలలాడించాను. ఆయన ఇంకా వంగారు. చివరికి చొక్కా వెనకనుంచి పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఆయన వెల్లకిలా వచ్చి మంచం మీద పడ్డారు. దారం, రాయి నీళ్లపాలు. ఎడమ కాలి చెప్పు కూడా వాటితోపాటే వెళ్లింది.

"అమ్మా, నీకు నోరున్నది గద? ఒక్కపారి పిలిస్తె అయిపోతుండె," అన్నాడు పెద్దమనిషి.

"పేరు తియ్యరాదు మాకు," అన్నాను.

"పిల్లలు?"

"లేరు."

పెద్దమనిషి గడ నీళ్లలో దించి, "అయితె గట్టి చొక్కాలు కుట్టియ్యి," అన్నాడు.

కోట్‌పల్లి బజారులో ఆయనకు రబ్బరు చెప్పుల జత కొని, తాండూరు బస్సెక్కాం. ఎడారి సంగతి ఆయన అబద్ధమాడలేదు. గనుల దగ్గర దిగేసరికి చెట్టూ చేమా లేదు, గడ్డి పోచ లేదు. రోడ్డు, గుడిసెలు, గాడిదలు, మనుషుల కనురెప్పలు, అన్నింటిమీదా తెల్లటి రాతి పొడి. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

మా ఆయన దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి తండ్రి అక్కడ గని మేస్త్రి. ముసలాయన, ముస్లిం. తలకు తువ్వాలు చుట్టుకుని, మమ్మల్ని చూడగానే ఎదురొచ్చాడు. "ఆయియే సారూ! రా బేటీ. మా గని జూడనీకె వచ్చినోళ్లు మీరే ఫస్టు. అందరు బండ కొననీకె వస్తరు, జూడనీకె ఎవ్వరు రారు."

నిజంగానే చూడాల్సినదే అది. భూమిని కోసి తెరిచినట్టుంది. కింద బూడిద రంగు, నీలం, పసుపు బండలు పొరలు పొరలుగా, ఒకదానిమీద ఒకటి చపాతీలు పేర్చినట్టు ఉన్నాయి. అడుగున ఆడా మగా గడ్డపారలతో పొరల్ని లేపుతున్నారు. పై నుంచి చూస్తే బొటనవేలంత కనిపిస్తున్నారు. అమెరికా బొమ్మలో నవ్వుతున్నవాళ్లే ఉన్నారు, చెమట పట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన వినలేదు. నోటుబుక్కు తీసి పొరలు గీస్తున్నారు.

"సారూ, బండకైతె పేలుడు మందు పెట్టం, గడ్డపారకే పలుగుతది," అని మేస్త్రి చెప్తున్నాడు. "మీద ఉన్న గట్టి రాయి తీయనీకె పెడ్తం. రోటీల టైముకు అందరం మీదికొస్తం, గప్పుడు పేలుస్తం. గా రైలు పట్టా ముక్క మోగిందంటె గీ దిక్కే ఉండాలె, కిందికి పోవద్దు. సమజైందా?"

ఆయన తల ఊపారు. నేను విన్నాను. ఆయనా విన్నారనే అనుకున్నాను. ఆయన తల ఊపింది పొరలు లెక్కపెడుతూ అని నాకెలా తెలుస్తుంది?

"నువ్వు నీడకు కూసో. పది నిమిషాలల్ల వస్త," అని ఆయన పక్కనున్న పాత గుంతలోకి దిగారు. నేను పేర్చిన బండల నీడలో కూర్చుని రొట్టెల మూట విప్పాను.

కాసేపటికి చప్పుడు మొదలైంది. ఒక కొయ్యకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొడుతున్నారు. మన బళ్లల్లో గంటకు బదులు వేలాడేది సరిగ్గా అదే. గుంతలోంచి మనుషులు ఒక్కొక్కరే పైకొస్తున్నారు. ఎవరో ఎర్ర గుడ్డ ఊపుతున్నారు. నేను వచ్చినవాళ్ల మొహాలు చూస్తున్నాను. ఆయన లేరు. చివరిగా ఇద్దరు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"అంటిచ్చినం!" అన్నారు.

మేస్త్రి నా వైపు తిరిగాడు. "సారు యాడ?"

నేను అంచుకు పరుగెత్తాను. పాత గుంత వంపు తిరిగి కొత్త గుంతలోకే కలుస్తోంది. ఆ వంపులో, అంటించిన రాతికి కొంచెం ఎడంగా, ఒక బండ మీద గొడుగు నిలబెట్టుకుని, దాని నీడలో మా ఆయన కూర్చుని బొమ్మ గీస్తున్నారు. వీపు మావైపు. పట్టా మోగింది ఆయనకు వినబడకుండా ఉండదు. కానీ ఇన్నేళ్లుగా ఆ చప్పుడు ఆయనకు ఒకటే చెప్తోంది: పీరియడ్ అయిపోయింది, అయినా ఇంకొక్క మాట ఉంది అని.

"సారూ! ఓ సారూ!" అని మేస్త్రి కేక పెట్టాడు. పదిమంది గొంతు కలిపారు. "సారూ! సారూ!"

ఆయన తిరగలేదు. ఎడమ చెయ్యి పైకెత్తి, కూర్చోమన్నట్టు రెండుసార్లు కిందికి ఊపారు.

టిఫిను మూత తీసి బండకేసి టంగుటంగున కొట్టాను. పట్టా మోగితేనే లెక్కచెయ్యని మనిషికి మూత ఒక లెక్కా? మేస్త్రి నా భుజం పట్టి ఊపాడు. "పేరేంది బేటీ? సారు పేరు చెప్పు, మేం పిలుస్తం!"

నేను నోరు తెరిచాను. రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. మొగుడు మందు పక్కన కూర్చుని ఉంటే, నేను ఆ ముసలాయనతో, "ఆ పేరు దేవుని పేరే... ఆ దేవుడు ఎక్కే వాహనం..." అని పొడుపుకథ మొదలుపెట్టాను. జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు మా ఇళ్లల్లో అట్లాగే చెప్పేవాళ్లం. వాళ్లకు టైముండేది.

"యా అల్లా!" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "ఒత్తి కాలుతున్నదమ్మా!"

అప్పుడు పిలిచాను.

మొదటిసారి గొంతులోంచి గాలే వచ్చింది. రెండోసారి పేరు వచ్చింది, నా గొంతు నాకే కొత్తగా ఉంది. మూడోసారి కడుపులోంచి అరిచాను. నాలుగోసారి ఎట్లా అరిచానంటే, అటు గోడ, ఇటు గోడ, ఆ గని మొత్తం మా ఆయన పేరు పట్టుకుని తిరిగింది.

ఆయన తిరిగారు. క్లాసులో వెనకనుంచి ఎవరో చాక్‌పీసు విసిరితే ఎంత కోపంగా చూస్తారో, అంత కోపంగా. అంచు మీద నన్ను చూశారు. నా పక్కన ఎర్ర గుడ్డను చూశారు. మేస్త్రి రెండు చేతులతో పక్కనున్న బండల చాటు చూపిస్తున్నాడు. ఆయన కొత్త చెప్పులు వదిలేసి పరుగెత్తారు.

భూమి కాళ్ల కింద అదిరింది. తెల్లటి దుమ్ము గుంత నిండా లేచింది. రాళ్లు పడుతున్న చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. దుమ్ములో ఏమీ కనబడటం లేదు. ఆ కాసేపూ నేను అనుకున్నదేమిటో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. మందు చంపిందని అనుకోలేదు. నేను చంపానని అనుకున్నాను. నాలుగు సార్లు పిలిచాను, ఆయనకు మిగిలిన ఏళ్లు నాలుగేనేమో, అన్నీ ఒక్కసారే ఇక్కడే తరిగిపోయాయేమో అనుకున్నాను.

దుమ్ములోంచి ఒక మనిషి నడిచివచ్చాడు. నెత్తినుంచి కాళ్ల దాకా పిండి చల్లినట్టు తెలుపు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. పైకెక్కి, నా ముందు నిలబడి, ఆయన అన్న మొదటి మాట ఇది:

"గింతమంది ముందర నా పేరు తీస్తవా?"

ఒళ్లు మండిపోయింది. "తీస్తె ఏమైంది? తియ్యకుంటె నీ పీనుగను తీయాల్సొస్తుండె!" అన్నాను. నాలుగేళ్లలో ఆయన్ని "మీరు" అనకుండా అన్న మొదటి మాట కూడా అదే. ఆ తర్వాత ఆ దుమ్ములో కూలబడి, చూస్తున్న మనుషులందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన ఏం చెయ్యాలో తెలియక నా పక్కన నిలబడి, చొక్కా దులుపుకుంటున్నారు. దులిపిన పొడంతా నా మీదే పడుతోంది.

మేస్త్రి డబ్బాలో నీళ్లు తెచ్చి ఇద్దరికీ ఇచ్చాడు. "సారూ, మస్తు నసీబు మీది. బేటీ పిలువకుంటె, గీ పేరు మేం బండమీద చెక్కాల్సి వస్తుండె. బండకు మాకు కరువు లేదు," అన్నాడు. మా ఆయన కూర్చున్న చోటికి మనిషిని పంపిస్తే, గొడుగు ఊచలు, అట్లాసు అట్ట తెచ్చి ఇచ్చాడు. అట్లాసులో ఖండాలన్నీ చిరిగిపోయాయి. బండ మీద పెద్ద రాయి పడి ఉందని మాత్రం చెప్పాడు. ఎంత పెద్దదని మేం అడగలేదు.

జొన్న రొట్టెలు అక్కడే మేస్త్రితో కలిసి తిన్నాం. లేచేసరికి సాయంత్రం బండి టైమయింది. దర్గాకు పోలేదు. స్టేషన్ బయట దుకాణంలో పావుసేరు చక్కెర, ఊదువత్తులు, నల్ల దారం కొన్నాం. దారం నా చేతికి ఆయనే కట్టారు. దర్గాలో చదివే ఫాతెహా ఏదో ఆయనకు రాదు కాబట్టి, ముడి వేస్తూ భారతదేశపు నదుల పేర్లు చదివారని నా అనుమానం.

బండిలో ఎదురెదురుగా కూర్చున్నాం. తాండూరు దాటాక ఆయన మెల్లిగా అడిగారు. "ఎన్నిమాట్లు పిలిచినవ్?"

ఆయనకూ ఆ లెక్కే తిరుగుతోందని అప్పుడు తెలిసింది. సైన్సూ సోషలూ చదివినా, తల్లి చెప్పింది ఆయన కూడా విన్నదే కదా.

"నాలుగు," అన్నాను. మళ్లీ కళ్లనీళ్లు వచ్చాయి.

"మొదటిది నాకు వినబడలె. గది లెక్కకు రాదు."

"మరి గోడలు పిలిచినయో?"

"గోడలు నాకు పెండ్లాలా? మూడే లెక్క," అన్నారు. ఆ తర్వాత కిటికీలోంచి చూస్తూ, "కుడి చెవుల గుయ్యిమంటున్నది," అన్నారు.

ఇంటికొచ్చి అత్తమ్మకు చక్కెర ఇచ్చాం. కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. గొడుగు ఏదంటే బస్సులో మరిచిపోయామన్నాం. మరుసటి ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. అత్తమ్మ ఎవరి మాటా వినలేదు, ఇది దర్గా మహిమే అంది. బిడ్డకు ఆరో నెల రాగానే మొక్కు చెల్లించడానికి తాండూరు బయలుదేరదీసింది. బస్సు దిగి, "దారి మీరే చూపియ్యాలె, నేను రాలేదు గద," అంది. మా ఆయన ధైర్యంగా ముందు నడిచారు. పావుగంట నడిచాక మమ్మల్ని ఒక కందిపప్పు మిల్లులోకి తీసుకెళ్లారు.

"మొన్న వచ్చినప్పుడు గిది లేకుండె," అన్నారు తల్లితో. ఆ మిల్లు గోడల మీద నాచు పట్టి ఉంది.

చివరికి దర్గా దొరికింది. నేను బిడ్డను అక్కడ పడుకోబెట్టి, మనస్ఫూర్తిగా క్షమించమని మొక్కుకున్నాను. మేం రాకపోయినా మా పని చేసి పెట్టినందుకు దణ్ణం కూడా పెట్టుకున్నాను. అత్తమ్మకు నిజం ఎప్పుడూ చెప్పలేదు. గని సంగతి తెలిస్తే, ఆ మూడు పిలుపులకూ ఆవిడ ప్రాణం మూడుసార్లు పోయేది.

బిడ్డ పుట్టాక నాకు పిలుపు దొరికింది. "బిడ్డ నాయనా" అని రోజుకు వందసార్లు, చుట్టాల ముందూ, బజారులోనూ, ఇన్నాళ్ల బాకీ తీరేలా పిలిచాను. చెంబు నీళ్లు తాగడానికి మిగిలింది. ఆ పేరు మళ్లీ ఎత్తాల్సిన అవసరం రాలేదు. బిడ్డ పెరిగింది, పెళ్లి చేశాం, ఆయన రిటైరయ్యారు. కుడి చెవిలో గుయ్యిమనడం ముదిరి, నెమ్మదిగా రెండో చెవికీ పాకింది. అది ఆ రోజు పేలిన మందువల్ల అంటాను నేను. కాదు, ఆ రోజు నువ్వరిచిన అరుపువల్ల అంటారు ఆయన.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరమే. ఆయన పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని, వీధివైపు మొహం పెట్టి, పేపరు చదువుతారు. వెనకనుంచి ఏం చెప్పినా వినబడదు, ముందుకెళ్లి చెయ్యి ఊపాల్సిందే. ఒకరోజు చాయ్ తీసుకెళ్తూ, ఏమనిపించిందో ఏమో, ఆ వీపు వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. మెల్లిగా, నాకే వినబడేంత. ఆయన తిరగలేదు. వినబడంది లెక్కకు రాదని ఆయనే కదా అన్నారు. మర్నాడూ పిలిచాను. అట్లా అలవాటైంది. రోజూ పొద్దున చాయ్‌తోపాటు ఒకసారి ఆ పేరు అనుకునేదాన్ని. ఈ వయసులో ఎందుకో, ఆ పేరు చాలా బాగుందనిపించేది. ఇంత మంచి పేరు పెట్టుకుని వాడుకోకుండా ముప్పై ఏళ్లు చెంబులూ బిడ్డ పేర్లూ పట్టుకుని తిరిగామే అని ఉక్రోషం వచ్చేది.

మొన్న కూడా అట్లాగే వెనక నిలబడి పిలిచాను. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా, "జర గట్టిగ పిలువు. తాండూర్ల పిలిచినట్టు," అన్నారు.

చాయ్ కింద పెట్టేశాను. "వినబడుతున్నదా?"

"చాయ్ టైముకు వినబడుతది."

"ఎప్పటిసంది?"

"మొదటి దినంసంది."

"ఇన్ని దినాలు ఎందుకు తిరగలె మరి?"

ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. అప్పుడూ నా వైపు తిరగలేదు.

"తిరిగితె మళ్ల పిలుస్తవా?" అన్నారు.